సూక్ష్మ తంత్రి

వీణ తీగను మెల్లగా మీటితే ఒక శ్రుతి పలుకుతుంది. ఆ తీగనే కొంచెం వదులు చేసి గట్టిగా మీటి చూడండి. నాదం మొదట ఒకింత హెచ్చు శ్రుతిలో పుట్టి, అంతలోనే తన స్థానానికి దిగివస్తుంది. మా నెక్కొండ ప్రాంతపు పల్లెల్లో వీణ దొరకకపోవచ్చు గాని ఈ పరీక్షకు భజన బృందంవారి తంబుర చాలు. ఎక్కువగా ఊగిన తీగ సాగుతుంది. సాగినకొద్దీ తన్యత హెచ్చి, దానితోపాటు పౌనఃపున్యమూ హెచ్చుతుంది. ఊపును బట్టి పౌనఃపున్యం మారే ఇటువంటి కంపనాన్ని అరేఖీయ కంపనం అంటారు.

విశాఖపట్నంలో బాల్యం గడిపిన చంద్రశేఖర వేంకట రామన్ 1921లో వీణ, తంబురలను గురించి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. ఈ వాద్యాలలో తీగ వంపు గల వెడల్పాటి గుర్రాన్ని (బ్రిడ్జిని) తాకుతూ, విడుస్తూ కంపిస్తుంది. అందువల్ల పూర్వ నియమం ప్రకారం పుట్టరాని అనుస్వరాలు కూడా వినవస్తాయని ఆయన చూపారు. కాంతి పరిశోధనకు వచ్చిన కీర్తిలో ఈ నాద పరిశోధన కొంత మరుగుపడిందనే చెప్పాలి.

ఇప్పుడు ఆ తీగ స్థానంలో, తలవెంట్రుక కంటె ఎంతో పలుచనిదై, రెండు కొసలా బిగించిన సిలికాన్ దూలాన్ని ఊహించండి. విద్యుత్తుతో కంపింపజేసే ఇటువంటి సూక్ష్మ అనునాదకాలకు ఆద్యమైనదాన్ని అమెరికాలో నాథన్సన్ బృందం 1960లలో బంగారంతో రూపొందించింది. దూలంపై ఒక వాయువును పట్టి ఉంచే పూత పూస్తే, అణువులు చేరినకొద్దీ బరువు పెరిగి పౌనఃపున్యం తగ్గుతుంది. ఆ తగ్గుదలే కొలత.

అయితే ఇంత చిన్న వస్తువు ఊపు కూడా చిన్నదే. ఉష్ణం వల్ల కలిగే సహజ చలనంలో అది కలిసిపోతుంది. ఊపు పెంచితే తంబుర తీగ గుణం బయటపడుతుంది. ప్రేరక పౌనఃపున్యాన్ని క్రమంగా పెంచుతూ పోతే ఊపు పెరిగి పెరిగి, ఒకచోట హఠాత్తుగా కూలిపోతుంది. వెనుకకు వస్తే అక్కడే లేవదు. ఇంకా దిగువకు వచ్చిన తరువాత లేస్తుంది. జర్మన్ ఇంజనీరు డఫింగ్ 1918లోనే తన గ్రంథంలో ఇటువంటి కంపనాలను వివరించాడు. కొలతను చెడగొట్టే దోషంగా దీనిని చాలాకాలం తప్పించుకు తిరిగారు.

తరువాత కొందరు పరిశోధకులు దూలాన్ని ఆ కూలే అంచునే నిలిపి చూశారు. అప్పుడు కొద్దిపాటి వాయువు చేరినా చాలు, ఊపు ఒక్కసారిగా పడిపోతుంది. 'ఎంత ఉన్నది?' అన్నదానికి ఇది సరియైన జవాబు కాదు, 'వచ్చినదా, లేదా?' అన్నదానికి జవాబు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి నిద్రిస్తున్న ఊరిని కమ్మింది. 12 మంది మరణించారు. అట్టి వేళ మొదట కావలసినది ఈ రెండవ జవాబే.

ఇందులో చిక్కు లేకపోలేదు. అంచున నిలిచిన దూలాన్ని ఒక్కొక్కప్పుడు ఉష్ణ చలనమే పడదోసి, వాయువు లేకుండానే గంట మోగించవచ్చు. అంచుకు మరీ దగ్గరగా నిలిపితే అబద్ధపు హెచ్చరికలు, దూరంగా నిలిపితే ఆలస్యం. ఎక్కడ నిలపాలన్నదే నేటికీ పరిశోధకులను వేధిస్తున్న ప్రశ్న.