ట్రక్ క్యాంపర్‌లోకి వాన నీళ్లు రాకూడదంటే పడవలా కట్టాలి: ఫైబర్‌గ్లాస్ పద్ధతి పూర్తి వివరాలతో

మామూలుగా నేను ఇక్కడ ఫోన్లు, పవర్ స్టేషన్లు, రౌటర్ల గురించి రాస్తుంటాను. ఈసారి గ్యాడ్జెట్ కాస్త పెద్దది. పికప్ ట్రక్ వెనక తొట్టిలో కూర్చునే చిన్న ఇల్లు, అంటే ట్రక్ క్యాంపర్. అయితే ఇందులో అసలు సమస్య మనకి బాగా తెలిసిందే. ఐపీ68 ఫోన్‌లోకి నీళ్లు ఎందుకు వెళ్లవు? ఒకసారి వెనక గ్లాస్ ఊడదీసి మళ్లీ అంటించాక ఆ రేటింగ్‌ని ఎందుకు నమ్మకూడదు? ఈ రెండు ప్రశ్నలకి జవాబు తెలిస్తే ఈ ఆర్టికల్ సగం అర్థమైనట్టే.

అసలు ఏం జరిగిందంటే

నేను అమెరికాలో, సియాటిల్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. మా బావ దగ్గర పికప్ ఉంది. ఇద్దరం కలిసి ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపర్ కొన్నాం. చెక్క ఫ్రేమ్, పైన అల్యూమినియం రేకు. నవంబర్‌లో ఒలింపిక్ పెనిన్సులా వైపు వెళ్లాం. ఆ నెలలో అక్కడ వాన ఆగదు. రాత్రి పరుపు మూల తడిగా తగిలింది. "బావా, అది లీకు కాదు, మన ఊపిరి ఆవిరే" అన్నాడు. నేనూ నమ్మేశాను. తెల్లారి చూస్తే ఆన్‌కాల్ కోసం తెచ్చిన ఆఫీస్ ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో సహా నానిపోయింది. మేనేజర్‌కి ఏం చెప్పాలో తెలియక గంటసేపు పార్కింగ్‌లో కూర్చున్నాను.

ల్యాప్‌టాప్ పోవడం చిన్న విషయం. ఇంటికొచ్చి మూల మీద ట్రిమ్ పట్టీ ఊడదీశాం. లోపల చెక్క వేలితో నొక్కితే టీలో నానిన బిస్కెట్‌లా విరిగింది. క్యాంపర్‌ని ట్రక్కుకి కట్టి ఉంచే టై డౌన్ కొక్కేలు బిగించింది కూడా ఆ మూలల్లోని చెక్కకే. మేం ఆ స్క్రూలని నమ్ముకుని హైవే మీద వచ్చాం. బావ ఒక స్క్రూని చేత్తోనే బయటికి లాగాడు. తర్వాత ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు.

ఎందుకు కారుతుంది?

మామూలు క్యాంపర్‌లో చెక్క చట్రం మీద రేకులు, పైకప్పు, గోడలు విడివిడిగా బిగిస్తారు. మూలల్లో పుట్టీ టేప్ పెట్టి, పైన అల్యూమినియం పట్టీని స్క్రూలతో కొడతారు. అంటే ప్రతి మూలా ఒక అతుకు, ప్రతి స్క్రూ ఒక కన్నం. ట్రక్ గతుకుల్లో వెళ్తుంటే డబ్బా మెలితిరుగుతుంది, స్క్రూ కన్నాలు మెల్లగా పెద్దవవుతాయి. పుట్టీ ఎండి పగులుతుంది. పైగా డ్రైవర్ క్యాబిన్ మీదకి వచ్చే పడక భాగం, అంటే క్యాబోవర్, గాలికి ఎదురుగా ఉంటుంది. హైవే వేగంలో వాన కింద పడదు, ఎదురుగా వచ్చి అతుకులోకి దూరుతుంది.

చాలామంది చేసేది ఏంటంటే, కారిన చోట సిలికాన్ ట్యూబ్ తెచ్చి పూసేయడం. పాత ఓనర్ కూడా అదే చేశాడు, పొర మీద పొర. సిలికాన్ మీద తర్వాత ఏదీ సరిగా అంటుకోదు, ఆఖరికి కొత్త సిలికాన్ కూడా. అందుకే పడవలు బాగుచేసేవాళ్లు దాన్ని చూస్తేనే మొహం చిట్లిస్తారు.

పడవ వాళ్ల ఆలోచన వేరు

కాకినాడ దగ్గర ఉప్పాడ వైపు వెళ్లినవాళ్లు ఒడ్డున ఫైబర్ పడవలు చూసే ఉంటారు. వాటి అడుగున అతుకు కనపడదు. ఎందుకంటే పడవ మొత్తం ఒకే అచ్చులో తయారవుతుంది. పద్ధతి ఇలా ఉంటుంది:

1. నున్నగా పాలిష్ చేసిన అచ్చు లోపల మైనం పూతలు వేస్తారు. పడవ చివర్లో అచ్చు నుంచి ఊడి రావడానికి ఇది.
2. ముందుగా జెల్‌కోట్ కొడతారు. మందం సుమారు అర మిల్లీమీటర్. బయటికి కనపడే రంగు, మెరుపు ఇదే.
3. దాని మీద చాప్‌డ్ స్ట్రాండ్ మ్యాట్ పరిచి పాలియెస్టర్ రెజిన్‌తో తడుపుతారు. చదరపు మీటరుకి 450 గ్రాముల మ్యాట్ అయితే రెజిన్ సుమారు ఒక కిలో పడుతుంది. స్టీల్ రోలర్‌తో గాలి బుడగలు తీసేస్తారు.
4. మరిన్ని పొరలు, గట్టిదనం కోసం మధ్యలో ఫోమ్ లేదా బాల్సా చెక్క కోర్, మళ్లీ పొరలు.
5. లోపలి అడ్డగోడల్ని స్క్రూలతో కాకుండా ఫైబర్ పట్టీలతో గోడకి అతికిస్తారు. దీన్ని ట్యాబింగ్ అంటారు.

ఇదే పద్ధతి క్యాంపర్లలోకీ వచ్చింది. 1968లో కెనడాలోని విన్నిపెగ్‌లో రే ఒలెకో తయారు చేసిన బోలర్ ట్రైలర్ ఇలాంటిదే. పైన ఒక చిప్ప, కింద ఒక చిప్ప. ఆయన అంతకుముందు తేలికైన ఫైబర్‌గ్లాస్ సెప్టిక్ ట్యాంక్ తయారు చేశాడు! నీళ్లు బయటికి పోకుండా ఆపేది, లోపలికి రాకుండా కూడా ఆపుతుంది కదా. ట్రక్ క్యాంపర్లలో బ్రిటిష్ కొలంబియాలో తయారయ్యే నార్తర్న్ లైట్, బిగ్‌ఫుట్ ఈ పద్ధతికి పేరున్నవి.

మిగిలిన ఒక్క అతుకు ఎలా ఉండాలి?

రెండు చిప్పలంటే ఒక అతుకు తప్పదు. పడవలో హల్‌కీ డెక్‌కీ మధ్య కూడా అంతే. అక్కడ ఎక్కువగా వాడేది షూబాక్స్ జాయింట్. చెప్పుల డబ్బా మూతలాగా పైభాగం కిందభాగం మీదకి దిగుతుంది. నీరు లోపలికి రావాలంటే పైకి ఎక్కాలి. మధ్యలో పాలీయూరిథేన్ గమ్, బోల్టులు, లోపలివైపు ఫైబర్ పట్టీ.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. గమ్ అనేది రెండో కాపలాదారుడు మాత్రమే. మొదటి కాపలా అతుకు ఆకారానిదే. తాటాకు కప్పులో పై వరుస కింది వరుస మీదకి వస్తుంది, అక్కడ గమ్ ఎవరు పూశారు?

కన్నాలు: అసలు ప్రమాదం ఇక్కడే

గోడ ఎంత గొప్పగా ఉన్నా కిటికీకి, ఫ్యాన్‌కి, సోలార్ వైరుకి కన్నం పెట్టాల్సిందే. కోర్ ఉన్న గోడలో ఒక్క కన్నం కారినా నీరు లోపల పాకుతుంది, బయటికి ఏమీ కనపడదు. పడవ వాళ్ల నియమం మూడు మాటల్లో: పెద్దగా తొలువు, నింపు, మళ్లీ తొలువు.

- స్క్రూకి కావాల్సిన దానికన్నా పెద్ద కన్నం వేసి, చుట్టూ కోర్ కొంచెం గీకి తీసేయాలి.
- చిక్కటి ఎపాక్సీతో నింపి గట్టిపడనివ్వాలి.
- ఆ ఎపాక్సీ మధ్యలో అసలు కన్నం వేయాలి. ఇప్పుడు నీరు వచ్చినా కోర్‌ని తాకదు.
- బిగించేటప్పుడు కింద బ్యూటైల్ టేప్. అది ఎండిపోదు, తర్వాత ఊడదీయడం కూడా తేలిక.

అచ్చు లేకుండా మేం చేసింది

ఒక్క క్యాంపర్ కోసం అచ్చు చేయడం దండగ. మెరీనాలో పడవలు బాగుచేసే ఒక పెద్దాయన మాకు వేరే దారి చూపించారు. ఆయన మా క్యాంపర్ చుట్టూ తిరిగి ఒకే ప్రశ్న అడిగారు: "దీంట్లో అతుకులు ఎన్నో లెక్కపెట్టారా?" ముందుభాగంలోనే పదకొండు తేలాయి. చివరికి వాటిని ఒకటి చేశాం.

కుళ్లిన క్యాబోవర్ మొత్తం కోసేశాం. మైనం పూసిన మెలమైన్ బోర్డు మీద చదును పలకలు పోశాం. ముప్పావు అంగుళం పీవీసీ ఫోమ్, రెండు వైపులా ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ. ఎపాక్సీతో మామూలు చాప్‌డ్ స్ట్రాండ్ మ్యాట్ వాడొద్దు. దాన్ని పట్టి ఉంచే బైండర్ పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్‌కి కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. కుట్టిన బయాక్సియల్ గుడ్డ తీసుకోండి.

పలకలన్నీ నిలబెట్టి, లోపలి మూలల్లో చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా పూసి, పైన ఫైబర్ పట్టీలు వేశాం. బయటి అంచుల్ని గుండ్రంగా సాన్ చేసి మళ్లీ రెండు పట్టీలు. అప్పటికి అది పలకల పెట్టె కాదు, ఒకే చిప్ప. పాత భాగంతో కలిసే చోట ముందు ముక్క వెనక ముక్క మీదకి వచ్చేలా పెట్టాం, ఎదురుగాలి నీటిని లోపలికి తోయకుండా. కొక్కేలు వచ్చే మూలల్లో ఫోమ్ తీసేసి గట్టి ఫైబర్ నింపి, లోపల అల్యూమినియం ప్లేట్ వేసి బోల్టులు బిగించాం. ఎపాక్సీ ఎండకి తట్టుకోదు కాబట్టి ఆఖర్లో పెయింట్ తప్పనిసరి.

టెస్టింగ్: డీబగ్గింగ్‌లాగానే

వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. ముందు గ్యాస్ ఆపేయండి. కిటికీలు, వెంట్లు మూసి, ఒక వెంట్‌కి చెక్క పలక బిగించి, దాని కన్నం గుండా లీఫ్ బ్లోయర్‌తో తక్కువ వేగంలో గాలి నింపండి. బయట అతుకుల మీద సబ్బు నీళ్లు కొట్టండి. కారే చోట బుడగలు వస్తాయి. సైకిల్ ట్యూబ్ పంక్చర్ చూసినట్టే.

మా కొత్త చిప్పలో ఒక్క అతుకూ బుడగ కట్టలేదు. బావ చప్పట్లు కొట్టాడు. తర్వాత సోలార్ వైరు దగ్గర సబ్బు నీళ్లు కొడితే నురగ పొంగింది. ఆ కన్నం వేసింది నేనే, ముందు రోజు రాత్రి పదకొండింటికి, "ఒక్క వైరే కదా" అని నింపకుండా. పదకొండు అతుకులు తీసేసి, నా చేత్తో ఒక కొత్త లీకు పెట్టాను. ఊడదీసి మూడు స్టెప్పులూ మళ్లీ చేశాను.

పాత క్యాంపర్ కొనేవాళ్లకి ఇంకో చిట్కా: పిన్ టైప్ మాయిశ్చర్ మీటర్ తీసుకెళ్లండి. లోపలి చెక్కలో తేమ 20 శాతం దాటితే అనుమానించాల్సిందే. ఇక మా బావ చెప్పిన ఆవిరి సంగతి కూడా పూర్తిగా అబద్ధం కాదు. ఫైబర్ డబ్బాలో కూడా మనుషుల ఊపిరికి గోడలు చెమర్చుతాయి. కిటికీ కొంచెం తెరిచి పడుకోండి. తుడిచాక వాన లేని రోజు కూడా తడి వస్తే అది ఆవిరి, వానలోనే ఒకే చోట వస్తే లీకు.

ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

- పాలియెస్టర్ రెజిన్‌ని గట్టిపరిచే ఎంఈకేపీ ఒక్క చుక్క కంట్లో పడినా చూపు పోవచ్చు. గాగుల్స్ లేకుండా డబ్బా మూత తీయొద్దు. దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా కలిపితే పేలుతుంది.
- ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వాడండి. దుమ్ము మాస్క్ ఆ ఆవిర్లని ఆపదు.
- రెజిన్ కొంచెం కొంచెంగా కలపండి. పెద్ద బకెట్‌లో కలిపితే వేడెక్కి పొగలొస్తుంది.
- ట్రక్ డోర్ దగ్గర స్టిక్కర్‌లో పేలోడ్ చూసుకోండి. ఫైబర్ అంటే తేలిక అనుకోవద్దు, రెజిన్ ఎక్కువైతే బరువే.

నా ఫైనల్ మాట

ప్లస్: చెక్క కుళ్లే భయం లేదు, అతుకులు దాదాపు ఉండవు, మూలలు గట్టిగా ఉంటాయి. మైనస్: ఖర్చు, వాసన, చాలా వారాంతాలు పోతాయి. కొత్తది కొనే బడ్జెట్ ఉంటే అచ్చులో పోసిన రెండు చిప్పల మోడల్ చూడండి. చెక్క ఫ్రేమ్‌దే కొంటుంటే, ఇంటీరియర్, టీవీ, ఫ్రిజ్ చూసి మురిసిపోకుండా ముందు కొక్కేల దగ్గర చెక్కని నొక్కి చూడండి.

మా క్యాంపర్ ఒక పూర్తి చలికాలం వానలో తిరిగింది. పరుపు మూల పొడిగానే ఉంది. కొత్త ల్యాప్‌టాప్ మాత్రం ఇప్పటికీ డ్రై బ్యాగ్‌లోనే పెడుతున్నాను. పడవ వాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకునే వెళ్తారు కదా!