గ్రహణపు మొర్రి

మానవుని ముఖము మొదట నొక్కటిగాఁ బుట్టదు. గర్భస్థ శిశువునకు 4వ వారమున, నోరు కాఁబోవు గుంటచుట్టును 5 మొగ్గలు పొడసూపును: నొసటివైపున నొకటి, పై దవడకు రెండు, క్రింది దవడకు రెండు. క్రిందివి ముందుగాఁ గలిసి గడ్డమగును. నొసటి మొగ్గనుండి ముక్కు పుట్టును. దాని నడిమి భాగముతోఁ బై దవడ మొగ్గలు 7వ వారమునకుఁ గూడుకొనఁగాఁ బై పెదవి యేర్పడును. అంగిలి 12వ వారమునకు అతుకుకొనును.

ఈ కూడిక తప్పినచోఁ బెదవి చీలియుండును. దీనినే జనులు గ్రహణపు మొర్రి యందురు. వంశపారంపర్యము మొదలగు కారణములు పలు గలవు గాని, గ్రహణము చూచుట కారణము గాదు. గ్రహణము కనఁబడని నెలలందును ఇట్టి శిశువులు గర్భమునఁ బడుచునే యున్నారు. కావునఁ దల్లిని నిందించుట యన్యాయము. శస్త్రవైద్యులు సాధారణముగా 3 మొదలు 6 నెలల ప్రాయముననే పెదవిని గుట్టి సరిచేయుదురు. తలిదండ్రులు బిడ్డను దాఁచక వైద్యునికిఁ జూపవలెను. తోడి బాలురు పరిహసింపరాదు.