పల్లె నెట్‌తో పెద్ద గేములు దించడానికి చిట్కాలు

సెలవులొచ్చాయంటే పిల్లలకి కొత్త గేము కావాలి. మన ఊళ్లో సిగ్నలేమో డాబా ఎక్కితే గానీ రాదు. మా ఇంట్లో చేసి చూసినవే చెబుతున్నా, వినండి.

1. ముందు గేము సైజు చూడమనండి. జీటీఏ ఫైవ్ లాంటిది వంద జీబీ పైమాటే, రోజుకి 2 జీబీ ప్యాకుతో కూర్చుంటే 50 రోజులు. ఈలోగా బళ్లు తెరిచేస్తారు!

2. స్పీడుని ఎనిమిదితో భాగించండి. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకి దిగేది 1 ఎంబీయే, 50 జీబీ గేముకి దాదాపు 14 గంటలు. ఇది తెలిస్తే "ఇంకా కాలేదా" అన్న గోల ఉండదు.

3. పగలు టవరు మీద ఊరంతా ఉంటుంది, డౌన్‌లోడ్ రాత్రికే పెట్టండి. స్టీమ్‌లో ఏ టైములో దించాలో ముందే సెట్ చేసుకోవచ్చు. కంప్యూటర్ మాత్రం స్లీపులోకి పోకుండా చూడండి, మానిటర్ కట్టేస్తే కరెంటూ మిగులుతుంది.

4. రోజువారీ డేటా మిగిలితే అర్ధరాత్రి లోపే వాడేయండి, రేపటికి రాదు. అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. దాంతో గేము కాదు కదా, ఫొటో కూడా దిగదు.

5. హాట్‌స్పాట్ బదులు ఫోన్ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టండి, ఫోను చార్జింగూ అవుతుంది. కేబుల్ పొడుగుదైతే ఫోను కిటికీలో, కంప్యూటర్ బల్ల మీద.

6. వాట్సాప్‌లో వీడియోలు వాటంతటవే దిగడం, ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ రెండూ ఆపండి.

7. కరెంటు పోతుందా? రౌటర్‌కి చిన్న యూపీఎస్ తగిలించండి.

8. అన్నిటికంటే మేలైంది ఇది: టౌన్లో ఫైబర్ ఉన్న చుట్టాలింటికి వెళ్లేటప్పుడు హార్డ్ డిస్క్ సంచిలో వేసుకోండి. వాళ్లబ్బాయి దగ్గర అదే గేము ఉంటే, స్టీమ్‌లోని 'కామన్' ఫోల్డర్లో ఆ గేము ఫోల్డర్‌ని కాపీ చేసి తెచ్చి, మన కంప్యూటర్లో అదే చోట పెట్టి ఇన్‌స్టాల్ కొట్టండి. ఉన్న ఫైళ్లు సరిచూసుకుని, తక్కువైనవే దించుకుంటుంది. గేము మాత్రం మనవాడి అకౌంట్లోనూ కొని ఉండాలి సుమా.

9. ఆ డిస్క్‌ని ముందే ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించండి. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు, అంతదూరం వెళ్లిన శ్రమ వృథా.

10. డిస్క్ పట్టే ప్లేస్టేషన్ ఉన్నవాళ్లు గేము డిస్కే కొనండి. అప్‌డేట్లు ఎలాగూ దించాలి గానీ, ఆడేశాక డిస్క్‌ని సగం రేటుకైనా అమ్ముకోవచ్చు, దించుకున్న గేముని అమ్మలేం.