టీకా – తాత్పర్యం



తెలుగు పాఠం చెప్పేవానికి టీకాల ప్రసంగం ఎందుకని మీరు అనుకోవచ్చు. పద్యం చదివేవానికి ‘టీక’ అంటే పదాలకు అర్థవివరణ. ఉర్దూ చదివేవానికి ‘టీకా’ అంటే నుదుటి బొట్టు. వ్యాధి రాకుండా చేతికి పొడిపించుకొనేది కూడ టీకాయే. రెండు భాషలూ వినిపించే మన కళాశాలలో ఈ మాట ఇన్ని అర్థాలతోనూ చెలామణి అవుతున్నది. 2021లో మన ఊరికి కరోనా టీకా వచ్చింది గాని, దానితోపాటు వచ్చిన అంకెలకు టీక రాలేదు. ఆ లోపంలో నా పాలు కూడ కొంత ఉన్నందువల్ల ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ఆ సంవత్సరం జనవరి 16న ఆరోగ్య సిబ్బందితో దేశంలో టీకాలు మొదలైనాయి. మార్చి 1 నుండి అరవై దాటినవారికి, ఏప్రిల్ 1 నుండి నలభై అయిదు దాటిన వారందరికీ వేశారు. సరిగ్గా ఆ ఏప్రిల్, మే నెలల్లోనే రెండవ ఉప్పెన ముంచెత్తింది. చిలకలూరిపేటలో నూలు మిల్లు ముందు నిలిచినా, మిరప బస్తాల లారీ దగ్గర నిలిచినా ఒకటే మాట: “రెండు డోసులు వేసుకున్నవానికీ వచ్చింది గదా, ఇక ఎందుకు?” చదువుకున్నవారు ఈ ప్రశ్నను ఈసడించారు. అది ఈసడించదగిన ప్రశ్న కాదు.

ఏప్రిల్ 21న భారత వైద్య పరిశోధన మండలి కొన్ని అంకెలు వెల్లడించింది. కోవిషీల్డు రెండవ డోసు పొందిన 1,57,32,754 మందిలో 5,014 మందికి, కోవాగ్జిన్ రెండవ డోసు పొందిన 17,37,178 మందిలో 695 మందికి వ్యాధి సోకిందట. అంటే పదివేలకు ముగ్గురో, నలుగురో. నేను ఆ వార్త కత్తిరించి మా ముమానీకి చూపించాను. మామూ అప్పటికే రెండు డోసులూ పూర్తి చేశారు, ముమానీ జంకుతున్నది. “పదివేలలో ముగ్గురికి మించి రాదు” అని నమ్మబలికి ఆమెకు మొదటి డోసు వేయించాను. మే నెల నడుమ మామూకు జ్వరం వచ్చింది, పరీక్షలో కరోనా అని తేలింది. తొమ్మిది రోజులు గదిలో ఉండి కోలుకున్నారు. ఎదురింటి మాస్టారికీ, వెనుక వీధి దర్జీకీ అట్లే వచ్చింది. ముమానీ నన్ను పిలిచి, “బేటా, పదివేలలో ముగ్గురన్నావు. ఆ ముగ్గురూ మన బజారులోనే ఉన్నారే!” అన్నది. రెండవ డోసుకు ఆమె వెళ్లలేదు.

తప్పు అంకెలో లేదు. దానిని నేను చదివిన తీరులో ఉన్నది. ఆ కోటిన్నర మందిలో చాలామంది రెండవ డోసు వేసుకొని కొన్ని రోజులే అయింది. వ్యాధి సోకడానికి వారికి వ్యవధి ఏది? వారిలో మరికొందరి లెక్కలో వ్యాధి అంతగా లేని ఫిబ్రవరి, మార్చి నెలలు చేరి ఉన్నాయి. పరీక్ష చేయించుకోనివారు లెక్కకే రారు. అన్నిటికంటె ముఖ్యంగా, అదే కాలంలో టీకా లేని వారిలో పదివేలకు ఎందరికి సోకిందో పక్కన లేదు. పోల్చడానికి రెండవ అంకె లేని అంకె, కర్త లేని వాక్యం వంటిది.

పోలిక ఉన్న అంకె ఎట్లుంటుందో చూడండి. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్ మూడవ దశ పరీక్షలో 25,798 మంది చేరారు. సగం మందికి టీకా, సగం మందికి టీకావలెనే కనబడే ఉత్తి మందు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వారికి తెలియదు. తుదకు లెక్కకు తీసుకున్నవారిలో టీకా పొందిన 8,471 మందిలో 24 మందికి, పొందని 8,502 మందిలో 106 మందికి వ్యాధి లక్షణాలు కనబడ్డాయి. ఈ భేదమే పత్రికలలో వచ్చిన 77.8 శాతం. దానిని మనలో అనేకులు “నూరుమందిలో 22 మందికి టీకా పనిచేయదు” అని చదువుకున్నారు. కాదు. టీకా లేకుంటే నూరుమందికి రావలసిన చోట సుమారు 22 మందికే వచ్చిందని దాని అర్థం. పైగా ఆ 24 మంది ఎవరు? టీకా వేసుకొనీ జబ్బుపడినవారే! అంటే జనం వింతగా చెప్పుకొన్న సంగతి మొదటినుండీ ఆ అంకెలోనే ఉన్నది. తీవ్రంగా జబ్బుపడిన 16 మందిలో 15 మంది టీకా పొందనివారు, ఒక్కరు పొందినవారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ ఫలితాలు రాకముందే, 2021 జనవరి 3న కోవాగ్జిన్‌కు అనుమతి ఇచ్చారు. మూడవ దశ తొలి ఫలితాలు మార్చి 3న గాని వెలువడలేదు. ఆ నడుమ రెండు నెలలూ ప్రశ్నించినవారిని దేశద్రోహులనడం తగని పని. రుజువు అడగడం విజ్ఞాన ధర్మమే. మరి మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటుమందు కోసం వేలమంది బారులు తీరినప్పుడు, ఆ వరుసలో నిలిచినవారు “ఎంతమందిలో ఎందరికి నయమైంది?” అని అడిగినట్లు నేను వినలేదు.

పరీక్షలో 77.8 అయినది ఊరిలో అంతే ఉంటుందా? ఉండదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో లక్షణాలతో పరీక్షకు వచ్చిన 2,714 మంది ఉద్యోగులను, 2021 ఏప్రిల్ 15 నుండి మే 15 వరకు, ఉప్పెన నడుమ పరిశీలించగా, లక్షణాలతో కూడిన వ్యాధి నుండి కోవాగ్జిన్ రెండు డోసుల రక్షణ 50 శాతమే అని తేలింది. కారణాలు పలు. అది డెల్టా రకం విజృంభించిన కాలం. ఆసుపత్రిలో పనిచేసేవారికి రోగులతో సంపర్కం ఎక్కువ. పత్తి రైతుకు ఇది చెప్పనక్కరలేదు. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి కాయతొలుచు పురుగులను ఆపింది. కొన్నేళ్లకు గులాబీరంగు పురుగు దానికి అలవాటుపడి కాయలోకి దూరింది. పురుగు వేరు, వైరస్ వేరు, పోలిక పూర్తిగా నప్పదు గాని, శత్రువు మారితే కవచం విలువ మారుతుందన్నంత వరకు నప్పుతుంది.

చివరగా అందరినీ తికమకపెట్టిన లెక్క. 2021 జూలైలో అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రతీరపు ఊరిలో ఉత్సవాల అనంతరం ఆ రాష్ట్రవాసులలో 469 మందికి వ్యాధి సోకగా, వారిలో 346 మంది, అనగా 74 శాతం, టీకా పూర్తిగా పొందినవారే. ఇది విని ప్రపంచమంతా ఉలిక్కిపడింది. ఆ సంఖ్య ఒక్కదానినే చూచి భయపడడం ఎందుకు తగదో మన వీధిలోకి తెచ్చుకుందాం. వెయ్యిమందిలో 900 మంది టీకా పొందారనుకోండి, 100 మంది పొందలేదు. పొందనివారిలో 10 మంది ఆసుపత్రికి వెళ్లారు, పొందినవారిలో 18 మంది. ఆసుపత్రిలో చూస్తే 28 మందిలో 18 మంది టీకా పొందినవారే! కాని వీధిలో చూస్తే టీకా లేనివారిలో నూటికి పదిమంది, ఉన్నవారిలో నూటికి ఇద్దరు. ఆసుపత్రి వాకిట నిలిచి లెక్కపెట్టేవానికి ఒక సత్యం, వీధి మొదట నిలిచి లెక్కపెట్టేవానికి మరొక సత్యం.

2022 జనవరిలో, మూడవ ఉప్పెనలో, ముమానీ జబ్బుపడింది. పదకొండు రోజులు ప్రాణవాయువు మీద ఉండి ఇంటికి వచ్చింది. బంధువులు “రెండో డోసు వేసుకొని ఉంటే ఇంత అయ్యేది కాదు” అన్నారు. ఆ మాట నాకు అనుకూలమైనదే. అయినా ఒక్క మామూ జ్వరంతో టీకా వ్యర్థమని తేలనట్లే, ఒక్క ముమానీ జబ్బుతో అది ఘనమైనదనీ తేలదు. కనుక నేను ఊరుకున్నాను. ఆమె కుదుటపడ్డ పిమ్మట ఒక మధ్యాహ్నం చాపమీద చింతగింజలు పోసి వీధి లెక్క చూపించాను. తొమ్మిది కుప్పలు ఒకవైపు, ఒక కుప్ప ఒకవైపు. ముమానీ గింజలను తానే రెండుమార్లు లెక్కపెట్టి చూచింది.

“ఇట్లా ఆ రోజే ఎందుకు చెప్పలేదు బేటా?” అన్నది.

ఆ రోజు నాకే తెలియదని ఒప్పుకున్నాను.