మారానని చెప్పకు, తమ్ముడూ

తెనాలి

చిరంజీవి తమ్ముడికి,

ఉత్తరం అందింది. గొడవైతే నాలుగేసి రోజులు ఇంట్లో నోరు విప్పవన్న సంగతి నాకు కొత్త కాదు. కొత్తదల్లా నీ ఫిర్యాదు. రెండు నెలలుగా ఒక్కసారీ అలగలేదనీ, అయినా మరదలు "మీరు మారరు" అనే అంటోందనీ రాశావు. అసలు మనిషి స్వభావం మారుతుందా, లేక ఇదంతా వృథా ప్రయాసేనా అని అడిగావు.

అమ్మనడిగితే పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదంటుంది. చదువుకున్నవాళ్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. ముప్పై ఏళ్లు దాటేసరికి చాలామంది స్వభావం గట్టిపడిపోతుందని మనస్తత్వవేత్త విలియం జేమ్స్ 1890లోనే రాశాడు. నీకు నలభై దగ్గరపడుతోంది కాబట్టి ఆయన లెక్కలో నీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ లెక్క ఇప్పుడు నిలవడం లేదు. పరిశోధకుడు బ్రెంట్ రాబర్ట్స్ బృందం 2017లో 207 అధ్యయనాలను కలిపి చూసింది. మానసిక చికిత్స, కౌన్సెలింగ్ లాంటివి తీసుకున్నవాళ్ల స్వభావంలో కొలవగలిగినంత మార్పు కనిపించింది. ఆ చికిత్సలు సగటున 24 వారాలే సాగాయి. అన్నిటికన్నా ఎక్కువ పెరిగింది మనసు నిబ్బరం. నీకు కావలసిందీ అదే.

అలాగని వేరే మనిషివైపోతావని అనుకోకు. నువ్వు మితభాషివి, అలాగే ఉండు. అది చూసే కదా ఆ పిల్ల పెళ్లికి ఒప్పుకుంది! నువ్వు తక్కువ మాట్లాడతావన్నది ఆమె బాధ కాదు. మాట మధ్యలో లేచి వెళ్లిపోతావు, మళ్లీ ఎప్పుడు పలుకుతావో చెప్పవు. ఆ ఎదురుచూపే ఆమె బాధ.

నీ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. జాన్ గాట్‌మన్, రాబర్ట్ లెవెన్సన్ అనే మనస్తత్వవేత్తలు భార్యాభర్తలను కూర్చోబెట్టి, వాళ్లు వాదించుకుంటుంటే గుండె వేగం కొలిచారు. ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న మనిషికి లోపల గుండె దడదడలాడుతూ ఉండొచ్చు. ఆ స్థితిలో ఎదుటివాళ్ల మాట సరిగ్గా చెవికెక్కదు. ఒళ్లు నెమ్మదించడానికి కనీసం ఇరవై నిమిషాలైనా కావాలంటాడు గాట్‌మన్. కాబట్టి కాసేపు తప్పుకోవడంలో తప్పు లేదు. కానీ నాలుగు రోజులు పలకకపోవడం తప్పుకోవడం కాదురా, శిక్ష వేయడం.

ఇంక నీ ఫిర్యాదు సంగతి. స్విట్జర్లాండ్‌లో 1,500 మందికి పైగా జనం ఫోన్‌లో ఒక యాప్ సాయంతో మూడు నెలలు తమ స్వభావాన్ని మార్చుకునే ప్రయత్నం చేశారు. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. మారామని వాళ్లు చెప్పారు. మరి ఇంట్లోవాళ్లూ స్నేహితులూ ఏమన్నారు? ఏదైనా గుణం పెంచుకోవాలనుకున్నవాళ్ల మార్పు పక్కవాళ్లకూ కనిపించింది. తగ్గించుకోవాలనుకున్నవాళ్లది కనిపించలేదు.

నీ ఇంట్లో జరుగుతున్నదీ ఇలాంటిదే అనుకుంటా. అలగడం మానేశావు, మంచిదే. మానేసింది కంటికెలా కనపడుతుంది? పదేళ్లు నీ మౌనం చూసిన మనిషి, రెండు నెలలు అది రాకపోతే "ఇంకా రాలేదు" అనుకుంటుంది గాని "పోయింది" అనుకోదు. మానేసిన చోట ఇంకేదో ఒకటి చేయాలి, ఆమెకు తెలిసేలా చేయాలి.

అందుకే ఒక్క పని పెట్టుకో. గొంతు పూడుకుపోతున్నట్టు అనిపించగానే "ఇప్పుడు నా వల్ల కావడం లేదు, తొమ్మిదింటికి మాట్లాడుకుందాం" అని చెప్పి లే. ఆ మధ్యలో డాబా మీద నడువు, మొక్కలకు నీళ్లు పొయ్యి. మనసులో జవాబులు నూరుకుంటూ కూర్చుంటే మాత్రం వేడి తగ్గదు. తొమ్మిదింటికి ఆమె పిలిచేదాకా చూడకు, నువ్వే వెళ్లి కూర్చో. చెప్పడానికేమీ తోచకపోతే "నువ్వన్నదే ఆలోచిస్తున్నా, ఇంకోసారి చెప్పు" అను. ఇదంతా గొడవ లేని రోజున, స్థిమితంగా ఉన్నప్పుడే నిర్ణయించుకో. కోపంలో కొత్త ఉపాయాలు తట్టవు.

ఒట్లు మాత్రం పెట్టుకోకు. నేథన్ హడ్సన్ బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు 15 వారాల పాటు వారం వారం చిన్న చిన్న పనులు ఎంచుకున్నారు. చేసినవాళ్లు మారారు. చేస్తామని ఒప్పుకుని ఊరుకుంటే మార్పు రాలేదు, కొన్ని గుణాల్లో వెనక్కి జారడం కూడా కనిపించింది. నువ్వు ఒట్టు పెట్టి తప్పితే మరదలి నమ్మకం కూడా తగ్గుతుంది.

ఎప్పుడో ఒకరోజు పాత పద్ధతే తిరిగొస్తుంది. నాలుగు రోజులు పట్టేది నాలుగు గంటల్లో తేలిందా లేదా చూసుకో. గంటలు మళ్లీ రోజులవుతుంటే హైదరాబాదులో కౌన్సెలర్లకు కొదవ లేదు, ఇద్దరూ కలిసి వెళ్లండి. ఆమెలోనూ మారవలసినవి ఉండొచ్చు. అవి ఆమె అక్క రాయాలి, నేను కాదు.

ఈ ఉత్తరం మరదలికి చూపించకు. "నేను మారాను" అని వాదించనూ వద్దు. ఆ మాట అనవలసింది ఆమె. ఎప్పుడంటుందో నీ చేతిలో లేదు. తొమ్మిదింటికి వెళ్లి కూర్చోవడం నీ చేతిలో ఉంది.

ఇట్లు,
నీ అక్క