ఉంగాలకీ తాతతాతకీ మధ్య

చి.ల.సౌ. సుధకు,

నువ్వు ఫోన్‌లో రాసుకుంటున్న పాప ఏడుపుల పట్టిక చూశాను. ఏడుపు: ఆకలి. ఏడుపు: నిద్ర. ఏడుపు: తెలీదు. నాకు నచ్చింది ఆ మూడోదే. వినగానే కారణం రాసేస్తే ఇక వినం. ముందు చప్పుడు ఎలా ఉందో రాయి. దానికి మన ఇళ్లలో మాటలకేం కొదవ! కేర్‌మంది, గుక్కపట్టింది, ఉంగా అంది, కేరింతలు కొట్టింది. పెదాలు బుర్రుమనిపిస్తే వానొస్తుందనేది మా అమ్మ. వచ్చిన రోజులే ఆవిడకి గుర్తుండేవనుకో.

ఏడుపులోనూ తీరుంటుంది. 2 నుంచి 5 రోజుల వయసున్న 60 మంది పసికందుల ఏడుపులు కాథ్లీన్ వెర్మ్‌కే బృందం 2009లో పోల్చి చూసింది. ఫ్రెంచి ఇళ్ల పిల్లల గొంతు పైకి లేస్తే, జర్మన్ పిల్లల గొంతు కిందికి దిగిందట. కడుపులో ఉండగానే చెవిన పడిన పలుకుబడి అది!

ఇక మీ ఇంటి తగాదా. ఐదో నెల పిల్ల పాలు తాగుతూ 'మ్మ్' అంటే నువ్వు అమ్మ అంటావు, మీ తమ్ముడు మామ అంటాడు. నోరు నిండి ఉన్నప్పుడు ముక్కులోంచి వచ్చే ఆ మూలుగులోంచే 'మ' పిలుపు పుట్టిందని రొమాన్ యాకబ్సన్ అనే భాషావేత్త వాదం. దాన్ని ఎవరికి అంటగట్టాలో పెద్దల ఇష్టం. జార్జియాలో మామ అంటే నాన్న! మీ ఆయనకి చెప్పకు, మూడో వాటాదారు తయారవుతాడు.

నవ్వులాట పక్కన పెట్టి ఒకటి విను. చెవి వినపడని పిల్లలూ ఉంగా అంటారు. తేడా తేలేది 'బబబ', 'తాతతాత' దగ్గర. వినే పిల్లలకు అవి 6 నుంచి 10 నెలల మధ్య వస్తాయనీ, వినపడని పిల్లలకు 11 నెలలకో ఆ తర్వాతో గాని రావనీ ఆలర్, ఐలర్స్ 1988లో చూపించారు. నేను 30 ఏళ్లు కూర్చున్న చెవి పరీక్షల గదికి రెండేళ్లు దాటిన పిల్లల్ని తెచ్చి, "చిన్నప్పుడు చక్కగా కబుర్లు చెప్పేవాడండీ" అనేవారు తల్లులు. ఏ కబుర్లని అడిగితే, ఉంగాలు. రెంటినీ కబుర్లనే అంటాం కదా, వాళ్ల తప్పేముంది?

పదో నెల నిండినా 'బబబ' రాకపోతే చెవి పరీక్ష చేయించు. పుట్టినప్పుడు బాగుందన్నారని ఊరుకోకు.

ఆదివారం ఫోన్ చేస్తాను. నువ్వేం మాట్లాడకు, ఫోన్ పాప పక్కన పెట్టు.

మీ పెద్దమ్మ