సంఘంలో తగాదాలు: రాజీ పద్ధతి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో చిన్న తగాదా వర్గపోరుగా ముదరడం సభ్యులు ఎరిగినదే. అందుచేత పంచాయితీ సకాలంలో, సక్రమంగా జరగాలి.

1. మధ్యవర్తి తీర్పరి కాడు. ఇరువురినీ ఒప్పుదలకు తెచ్చేవాడు. అతడు ఏ పక్షానికీ బంధువు, బాకీదారు, వర్గం మనిషి కారాదు.

2. వెన్న శాతంపై సభ్యునికి అనుమానం కలిగితే, మరుసటి పూట ఇరువురి ఎదుట నమూనా తీసి పరీక్షించాలి. పరీక్షకునికీ కార్యదర్శికీ మాట పడకపోతే వేర్వేరుగా విని, పిదప రిజిస్టరు ముందుంచి కలిపి మాట్లాడాలి.

3. సభ్యత్వం అన్న పేర, బర్రెను మేపేది తమ్ముడు అనుకుందాం. "పాల బిల్లు చెరిసగం" అంటే చాలదు. దాణా ఖర్చు ఎవరిది, దూడ ఎవరిది, డబ్బు ఏ తేదీకి ఇవ్వాలి అన్నవి రాసి సంతకాలు చేయించాలి.

4. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం లోక్ అదాలత్‌లో నమోదైన రాజీ సివిల్ కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. కోర్టులో నడుస్తున్న దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. రాజీకి వీలులేని నేరాలు మాత్రం అక్కడికి రావు.

5. రాజీ కుదరని సంఘ వ్యవహారాలను, 1964 చట్టం కింద నమోదైన సంఘమైతే 61వ సెక్షను ప్రకారం రిజిస్ట్రారుకు నివేదించాలి.

పాలు పోసే వరుసలో ఇరువురూ రేపు మళ్లీ పక్కపక్కన నిలబడవలసినవారే. రాజీ అందుకు తగినట్లు ఉండాలి.